చెట్ల పనికి ఏ బండి కొనాలి? రొట్ట, దుంగలు మోసే ట్రక్కు ఎంపికకు సమగ్ర మార్గదర్శి

చెట్ల పని మొదలుపెట్టిన వాళ్లు బండి కొనడానికి షోరూంకి వెళ్లగానే అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని టన్నులు మోస్తుంది?" అని. సిమెంటు బస్తాలు వేసేవాళ్లకు ఆ ప్రశ్న చాలు, మనకు చాలదు. మన లోడు రెండు రకాలుగా ఉంటుంది. రొట్ట, అంటే ఆకులతో ఉన్న కొమ్మలూ మండలూ, చూడటానికి కొండంత కనిపిస్తుంది, కాటా మీద పెడితే చాలాసార్లు అర టన్ను కూడా తూగదు. దుంగలైతే డెక్ మీద, అంటే లోడు వేసే వెనక భాగంలో, ఒక్క వరస పేర్చేసరికే బండి మోయగలిగిన బరువు అయిపోతుంది, పైన జాగా మాత్రం ఇంకా బోలెడు మిగిలి ఉంటుంది. ఒకదానికి చోటు కావాలి, ఇంకోదానికి బలం కావాలి. మీకు ఏది ఎక్కువ వస్తుందో తెలియకుండా కొన్న బండి ఎంత మంచి కంపెనీదైనా రోజూ ఏదో ఒక రకంగా ఇబ్బంది పెడుతూనే ఉంటుంది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో నలుగురైదుగురు మనుషులతో ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, స్కూళ్లు, చిన్న ఫ్యాక్టరీల్లో చెట్లు ట్రిమ్మింగ్ చేసే, పడిపోయిన చెట్లు తీసే టీంలను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పెద్ద కాంట్రాక్టులు, మున్సిపల్ టెండర్లు చేసేవాళ్ల లెక్క వేరు.

అడుగు 1: మీ పని ఏ రకమో ముందు తేల్చుకోండి

గడిచిన కొన్ని నెలల బిల్లులు ముందు పెట్టుకుని పనులను మూడు కుప్పలుగా విడదీయండి. కొమ్మలు కొట్టే పని ఒకటి, మొత్తం చెట్టు తీసేసే పని ఒకటి, చెట్టుకు వైద్యం చేసే పని ఒకటి. ఈ మూడోది మన దగ్గర తక్కువే కానీ ఉంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ ఎక్కించినట్టు కొమ్మలకు క్లోర్‌పైరిఫాస్ మందు ఎక్కించారు, ఊడలకు ఆసరాలు కట్టారు, చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి పనికి కావాల్సింది నీళ్ల ట్యాంకు, స్ప్రేయర్, నిచ్చెనలు, ఇద్దరు మనుషులు. చిన్న బండి బోలెడు.

కొమ్మల పని ఎక్కువైతే మీకు కావాల్సింది చోటు. వానాకాలం ముందు కరెంటు తీగలకు తగిలే కొమ్మలు, గోడ మీదకు వంగిన గుల్మొహర్లు, పెల్టోఫోరాలు, ఇవన్నీ రొట్టే. మొత్తం చెట్లు తీసే పని ఎక్కువైతే బలం. విశాఖలో 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా పడిపోయిన చెట్లే, అలాంటి రోజుల్లో ఏ బండి ఉన్నా పని దొరుకుతుంది. కానీ తుపాను రోజుల్ని చూసి బండి కొనకండి, మామూలు నెలల్ని చూసి కొనండి.

అడుగు 2: టేపుతో బరువు లెక్క నేర్చుకోండి

దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే కంటి అంచనాతో సరిపెడతారు. దుంగ చుట్టూ టేపు పెట్టి చుట్టుకొలతను మీటర్లలో కొలవండి. దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 12.57తో భాగించండి. వచ్చింది ఘనమీటర్లలో దుంగ పరిమాణం. పచ్చి కలప ఘనమీటరుకు సుమారు ఒక టన్ను అనుకోండి. చెట్టును బట్టి ఇది కాస్త అటూ ఇటూ మారుతుంది, చింత లాంటి గట్టి కలప టన్ను దాటుతుంది, కానీ బండి ఎంచుకోవడానికి ఈ లెక్క చాలు.

చుట్టుకొలత 1.25 మీటర్లు, పొడవు 2 మీటర్లు ఉన్న దుంగ తీసుకుంటే, దాని బరువు దాదాపు 250 కిలోలు. అదే పొడవుతో చుట్టుకొలత 1.9 మీటర్లు ఉంటే 570 కిలోలు దాటుతుంది. చుట్టుకొలత రెట్టింపైతే బరువు నాలుగు రెట్లవుతుంది, ఇది బుర్రలో నాటుకోవాలి. ఓ మోస్తరు పెద్ద వేప చెట్టు కాండంలో ఈ రెండో సైజు ముక్కలు నాలుగు వచ్చాయంటే 1.5 టన్నుల బండికి పరిమితి దాటినట్టే, కొమ్మలు ఇంకా కిందే ఉంటాయి.

ఇప్పుడు రొట్ట సంగతి. 9 అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు ఉన్న పికప్ డెక్‌కు కంపెనీ ఇచ్చే డాలాల (డెక్ చుట్టూ ఉండే పక్క గోడల) ఎత్తుతో రెండు ఘనమీటర్లు కూడా పట్టవు. డాలాలను 4 అడుగులకు పెంచితే దాదాపు ఐదున్నర ఘనమీటర్లు పడతాయి. ట్రిప్పులు మూడో వంతుకు తగ్గుతాయన్నమాట. రొట్ట పని చేసేవాళ్లకు డాలాల ఎత్తే అసలు సంపాదన.

అయితే కొమ్మలను చిన్న చిన్న ముక్కలుగా (చిప్స్‌గా) నరికే చిప్పర్ మిషన్ కొంటే ఇదే ఎత్తు మీ మెడకు చుట్టుకుంటుంది. పచ్చి చిప్స్ ఘనమీటరుకు 300 నుంచి 400 కిలోల దాకా తూగుతాయి. ఐదున్నర ఘనమీటర్లూ నింపితే 1.6 నుంచి 2.2 టన్నులు. అంటే రొట్టకు హాయిగా సరిపోయిన బాడీ చిప్స్‌తో నిండేసరికి ఓవర్‌లోడ్ అయిపోతుంది. చిప్పర్ ఆలోచన ఉంటే డాలాల లోపల ఒక గీత గీయించండి, చిప్స్ ఆ గీత దాటకూడదని పనివాళ్లకు గట్టిగా చెప్పండి.

అడుగు 3: సందు కొలవండి, సంపు చూడండి

మీరు ఎక్కువగా పనిచేసే ఏరియాలో ఓ సాయంత్రం తిరగండి. రోడ్డుకు రెండు వైపులా కార్లు ఆగి ఉన్నప్పుడు మధ్యలో ఎంత జాగా మిగులుతోందో చూడండి. పికప్ వెడల్పు అద్దాలతో కలిపి రెండు మీటర్ల దాకా ఉంటుంది, తెలంగాణలో మనం డీసీఎం అని పిలిచే 14 అడుగుల బండి ఇంకా వెడల్పు. పాత కాలనీల్లో డీసీఎం లోపలికి వెళ్లినా రివర్స్‌లో బయటకు రావడానికే గంట పడుతుంది. పైన వేలాడే కేబుల్, ఇంటర్నెట్ వైర్లు ఇంకో తలనొప్పి. ఎత్తు డాలాలు పెట్టించుకున్న బండి, దాని మీద ఇంకో రెండడుగులు రొట్ట పేరిస్తే, వీధి మొత్తం వైర్లు లాక్కుపోతుంది, ఆ గొడవ సాయంత్రం దాకా తెగదు.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. మన ఇళ్లలో నీళ్ల సంపు చాలాచోట్ల గేటు లోపల పార్కింగ్ కిందే ఉంటుంది. ఆ స్లాబు కారు కోసం వేసింది, మూడున్నర టన్నుల లోడు బండి కోసం కాదు. డ్రైనేజీ మీద వేసిన ర్యాంపు బండలు, సెల్లార్ పైకప్పులు కూడా అంతే. బండి బరువు పెరిగే కొద్దీ మీరు ఇంటి లోపలికి వెళ్లగలిగే చోట్లు తగ్గుతాయి, దుంగలు మోసుకొచ్చే దూరం పెరుగుతుంది, హమాలీ ఖర్చు పెరుగుతుంది. ఈ ఒక్క కారణంతోనే ఊరి లోపల పనికి మధ్య సైజు బండి మేలని నేను గట్టిగా నమ్ముతాను.

అడుగు 4: సైజు ఎంచుకోండి

టాటా ఏస్ తరగతి, అంటే మనం ఛోటా హాథీ అనే బండి, 2005 నుంచి మార్కెట్లో ఉంది. పెట్రోల్ మోడల్ మోసేది సుమారు 750 కిలోలు. ఇళ్ల ట్రిమ్మింగ్, కొబ్బరి చెట్ల శుభ్రం, మందు కొట్టే పని, వీటికి చక్కగా సరిపోతుంది, ఎంత ఇరుకు సందులోనైనా దూరుతుంది. దుంగలు వేయాలని మాత్రం చూడకండి. పైన చెప్పిన 250 కిలోల దుంగలు మూడు వేస్తే అయిపోయింది.

తర్వాతి తరగతిలో టాటా ఇంట్రా, అశోక్ లేలాండ్ దోస్త్, మహీంద్రా బొలెరో పికప్ ఉన్నాయి. 1.3 నుంచి 1.7 టన్నుల దాకా మోస్తాయి, కొన్ని మోడళ్లు 2 టన్నులు కూడా. మొదటిసారి కొనేవాళ్లలో పది మందిలో ఎనిమిది మందికి నేను చెప్పేది ఈ తరగతే. రొట్టకు ఎత్తు డాలాలు వేసుకోవచ్చు, దుంగలు ఓ మోస్తరుగా మోయవచ్చు, డెక్ మరీ ఎత్తుగా ఉండదు కాబట్టి ఇద్దరు మనుషులు రెండు పలకలు ఏటవాలుగా వేసి దుంగను దొర్లించి ఎక్కించగలరు. రోజూ చేతులతో ఎక్కించే పనిలో డెక్ ఎత్తు నడుము దాటితే మనుషులు నెల తిరక్కుండానే వెన్నునొప్పి అంటారు. అందుకే షోరూంలో ఇంజిన్ గురించి అడిగే ముందు డెక్ పక్కన నిలబడి చూడండి.

టాటా 407 లాంటి బండి 1986 నుంచి మన రోడ్ల మీద ఉంది, ఏ ఊళ్లోనైనా మెకానిక్ దొరుకుతాడు, ఛాసీ గట్టిది. వారంలో సగం రోజులైనా మొత్తం చెట్లు తీసే పని ఉంటేనే దీని వైపు వెళ్లండి. డీసీఎం అయితే సొంతంగా కొనక్కర్లేదు, కావాల్సిన రోజు కిరాయికి దొరుకుతుంది. దుంగలు పెద్దవైతే దానితో పాటు హైడ్రా క్రేన్ కూడా గంటల లెక్కన పిలిపించుకోవచ్చు.

ట్రాక్టర్ ట్రాలీ గురించి కూడా అడుగుతుంటారు. తోటల్లో, ఊరి బయట దీన్ని మించింది లేదు, చిప్పర్‌ను కూడా ట్రాక్టర్ పీటీఓతోనే (వేరే మిషన్లను తిప్పడానికి వెనక ఉండే షాఫ్టు) నడపవచ్చు. కానీ వ్యవసాయానికని రిజిస్టర్ చేసిన ట్రాక్టర్‌తో కిరాయి పని చేస్తే ఏదైనా యాక్సిడెంట్ జరిగినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిం దగ్గర చిక్కు వస్తుంది. వాడాలనుకుంటే కమర్షియల్‌గానే రిజిస్టర్ చేయించండి.

డీజిలా, సీఎన్‌జీనా, ఎలక్ట్రికా అంటే, బరువులకూ దూరాలకూ డీజిలే. బీఎస్6 డీజిల్ బండి కొనేటప్పుడు మాత్రం దానికి డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, ఉందో లేదో అడగండి. రోజంతా నాలుగు వీధుల మధ్యే తిరిగి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిలబెట్టే బండ్లలో ఆ ఫిల్టర్ మసితో మూసుకుపోతుంది. అప్పుడప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట కాసేపు మంచి వేగంతో నడిపితేనే అది శుభ్రపడుతుంది.

అడుగు 5: బాడీ కట్టించడం

అసలు బండి ఇక్కడే తయారవుతుంది. డాలాల్లో కింది అడుగున్నర ఇనుప రేకు, పైన దళసరి జాలీ పెట్టించండి. మొత్తం రేకే వేస్తే బరువు పెరుగుతుంది, ఆ బరువంతా మీ లోడు నుంచే పోతుంది. మొత్తం జాలీ వేస్తే ఆకులు రోడ్డంతా రాలతాయి. పై జాలీ భాగం విప్పి పెట్టుకునేలా ఉంటే ఇంకా మంచిది, దుంగల రోజు తీసేసి వెళ్లవచ్చు.

క్యాబిన్ వెనక గట్టి ఇనుప ఫ్రేం తప్పనిసరి. దీని దగ్గర బేరాలు ఆడకండి. బ్రేకు వేసినప్పుడు దుంగ ముందుకు దొర్లితే డ్రైవర్ వీపుకు అడ్డం ఉండేది అదొక్కటే. డెక్ అడుగున ఛాసీకి వెల్డ్ చేసిన గట్టి కొక్కేలు రెండు వైపులా నాలుగేసి ఉండాలి, తాళ్లను డాలా గొళ్లేలకు కట్టే అలవాటు మానిపించండి. మోకులతో పాటు ర్యాచెట్ బెల్టులు కొనండి, రొట్ట మీద కప్పడానికి వల గానీ టార్పాలిన్ పట్టా గానీ ఎప్పుడూ బండిలోనే ఉండాలి.

వెనక డాలా పూర్తిగా కిందికి వాలడమే కాకుండా పక్కలకు తలుపుల్లా తెరుచుకునేలా కట్టిస్తే దింపడం తేలిక. డబ్బులుంటే డెక్‌ను ఎత్తి లోడును ఒంపేసే హైడ్రాలిక్ టిప్పింగ్ పెట్టించుకోండి. చిక్కుకుపోయిన రొట్టను చేతులతో లాగి దింపడానికి ఇద్దరికి ముప్పావుగంట పట్టే పని టిప్పర్‌తో ఐదు నిమిషాల్లో అయిపోతుంది. దాని బరువు మాత్రం లోడులోంచి తీసేసుకోవాలి. పైగా బండి నిర్మాణం మార్చే ఏ పనైనా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందకు వస్తుంది, ఆర్‌సీలో నమోదు కాకుండా చేయించకండి. బాడీ బిల్డర్‌కు డబ్బులిచ్చే ముందే మీ ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఫ్యాక్టరీ నుంచే టిప్పర్‌గా వచ్చే మోడల్ ఉందేమో కూడా చూడండి.

కమాన్ కట్టలకు (బండి బరువును మోసే స్ప్రింగు పట్టీలకు) అదనపు పట్టీలు వేయించి "ఇప్పుడు ఎంతైనా మోస్తుంది" అనుకోవడం ప్రమాదం. కమాన్లు బలపడతాయి గానీ బ్రేకులు, యాక్సిల్, టైర్లు అవే కదా.

అడుగు 6: మనుషులు ఎక్కడ కూర్చుంటారు?

సాయంత్రం పని అయ్యాక రొట్ట మీద నలుగురు కూర్చుని వెళ్లడం మన రోడ్ల మీద రోజూ కనిపిస్తుంది. దయచేసి మీ బండి మీద ఇది జరగనివ్వకండి. కొమ్మ జారితే, వైరు తగిలితే, సడన్ బ్రేకు పడితే మనిషి పోతాడు. సరుకు రవాణా బండిలో సీట్ల సంఖ్యకు మించి ఎక్కిన వాళ్లకు ఇన్సూరెన్స్ కూడా రాదు, ఆ కుటుంబానికి మీరేం చెప్పగలరు?

టీం నలుగురైదుగురు ఉంటే డబుల్ క్యాబిన్ బండి చూడండి. బొలెరో క్యాంపర్, టాటా యోధా క్రూ క్యాబ్ ఇలాంటివే. డెక్ చిన్నదవుతుంది, నిజమే. అందుకే కొందరు క్యాంపర్‌లో మనుషులనూ మిషన్లనూ తీసుకెళ్లి, లోడుకు ట్రాలీ ఆటోనో డీసీఎంనో పిలిపిస్తారు. ఇది కూడా మంచి పద్ధతే. లేదంటే మనుషులు టూవీలర్ల మీద రావాలి, పెట్రోలు డబ్బులు మీరివ్వండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు డ్రైవరుతో పాటు పనివాళ్లకు కూడా కవరేజీ కలిపి రాయించండి, అదనపు ప్రీమియం పెద్దగా ఉండదు.

కోత మిషన్లు, పెట్రోలు డబ్బా, తాళ్లు, హెల్మెట్లు పెట్టడానికి క్యాబిన్ వెనకో డెక్ కిందో తాళం వేసే పెట్టె కట్టించండి. పెట్రోలునూ చైన్ ఆయిల్‌నూ తాళ్లకు దూరంగా ఉంచండి. ఎక్కే తాడుకు నూనె, పెట్రోలు తగలనివ్వకూడదు.

అడుగు 7: కాగితాలు

బండి మొత్తం బరువు, అంటే ఖాళీ బరువూ లోడూ కలిపి, 3,000 కిలోలు దాటకపోతే సరుకు రవాణా పర్మిట్ అక్కర్లేదు. ఇంట్రా వీ50 లాంటిది ఈ గీత లోపలే ఉంటుంది, 1.7 టన్నుల బొలెరో పికప్ దాటుతుంది. చిన్న టీంకు ఈ తేడా కాగితాల పని తగ్గిస్తుంది. 7,500 కిలోల లోపు బండి అయితే ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్‌లో తేల్చింది, కాబట్టి పికప్‌కూ 407కూ డ్రైవర్ దొరకడం ఇప్పుడు కష్టం కాదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మొదటి ఎనిమిదేళ్లూ రెండేళ్లకోసారి, తర్వాత ఏటా.

ఓవర్‌లోడ్‌కు 2019 సవరణ తర్వాత చట్టంలో ఉన్న జరిమానా రూ. 20,000, పైగా ప్రతి అదనపు టన్నుకు రూ. 2,000. కొమ్మలు బాడీ బయటకు పొడుచుకు వచ్చినా విడిగా రూ. 20,000 జరిమానా ఉంది. ఇది మనకు నేరుగా తగిలే సెక్షన్. రొట్టను డెక్ పొడవుకు తగ్గట్టు కోసి ఎక్కించడం అలవాటు చేయండి.

కలప సంగతి దీనికంటే సీరియస్. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, టేకు, ఎర్రచందనం, రోజ్‌వుడ్ లాంటివి తరలించాలంటే అటవీ శాఖ ట్రాన్సిట్ పర్మిట్ ఉండాలి. అది లేకుండా దొరికితే కలపతో పాటు బండినీ స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకు ఉంది. ఈఎంఐ కడుతున్న బండి డిపోలో ఎండకు ఎండిపోతుంటే చూడాల్సి వస్తుంది. ఓనరు "మా ఇంట్లో చెట్టే కదా" అన్నా కాగితం చూపించందే లోడు ఎత్తకండి.

అడుగు 8: కొత్తదా, పాతదా?

పాత బండి తీసుకోవడంలో తప్పేం లేదు, చూసి తీసుకుంటే. క్యాబిన్ వెనక ఛాసీ మీద వెల్డింగ్ మచ్చలు, పగుళ్లు ఉన్నాయేమో కిందకు దూరి చూడండి. ఇసుక, కంకర వేసిన బండ్లకు అక్కడే దెబ్బ తగులుతుంది. కమాన్ కట్టలు ఒకవైపు ఎక్కువ వాలి ఉన్నాయా, ముందు టైర్లు లోపలి అంచున అరిగాయా చూడండి. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చేయండి, ముందే వేడి చేసి పెడితే ఇంకో రోజు వస్తానని చెప్పండి. ఆర్‌సీలో ఫైనాన్స్ హైపోథికేషన్ (బండి మీద అప్పు ఉందన్న నమోదు) తీసేశారా, చలాన్లు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయి, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, ఇవి ఎంపరివాహన్ యాప్‌లో, ఈ-చలాన్ సైట్లో చూసుకోండి. టెస్ట్ డ్రైవ్‌ను లోడుతోనే చేయండి, కనీసం ఇసుక బస్తాలు వేసి ఫ్లైఓవర్ ఎక్కించి దించితే క్లచ్, బ్రేకుల సంగతి తెలిసిపోతుంది.

అడుగు 9: కొనాలా, కిరాయికి తీసుకోవాలా?

ఈఎంఐ, ఇన్సూరెన్స్, డ్రైవర్ జీతం, డీజిల్, టైర్లకూ సర్వీసుకూ పక్కన పెట్టే మొత్తం, పార్కింగ్ అద్దె, అన్నీ నెలకు కలిపి, నెలలో మీరు వేసే లోడ్లతో భాగించండి. ఆ అంకెను మీ ఏరియాలో పికప్ కిరాయితో పోల్చండి. కిరాయే తక్కువైతే ఇంకో ఏడాది ఆగండి, ఆ డబ్బుతో మంచి కోత మిషన్, తాళ్లు, హార్నెస్ కొనండి. సొంత బండి ఉంటే పిలిచిన గంటలో వెళ్లగలమన్న లాభం నిజమే, గాలివాన తర్వాత ఆ ఒక్కదానితోనే పని దొరుకుతుంది. కానీ నెలలో సగం రోజులు ఇంటి ముందు ఆగి ఉండే బండి మీద ఈఎంఐ టెన్షన్ భరించడం చిన్న టీంకు చాలా కష్టం. ఇంకో లెక్క కూడా మరవకండి: రొట్ట ఎక్కడ పడేస్తారు? డంపింగ్ చోటు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటే ట్రిప్పుల సంఖ్యే లాభాన్ని తినేస్తుంది, అప్పుడు ఎత్తు డాలాలకో చిప్పర్‌కో పెట్టిన ఖర్చు తొందరగా తిరిగి వస్తుంది. దుంగలకు ముందే ఒక సామిల్లునో కట్టెల అడితినో మాట్లాడుకుని ఉంచండి.

బండి చేతికొచ్చిన రోజు చేయాల్సింది ఒకటుంది. బాడీ, టూల్ పెట్టె, మిషన్లు, నిండు డీజిల్ ట్యాంకు, ఎక్కే మనుషులతో సహా వేబ్రిడ్జి ఎక్కించి ఆ బరువు రాయించుకోండి. ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువులోంచి దాన్ని తీసేయండి. మిగిలిన అంకే మీ నిజమైన లోడు. బ్రోచర్‌లో 1,500 కిలోలు అని ఉన్నా మీకు మిగిలేది 1,000 దగ్గర ఉండొచ్చు. ఆ అంకెను డ్రైవర్ డోరు లోపలివైపు పెయింటుతో రాయించండి, ఎక్కించేవాళ్లందరికీ కనపడేలా.